2.4, 5, లేదా కేబుల్: ఇంట్లో నెట్‌కి ఏది మేలు?

రూటర్ బిగించిన కుర్రాడు ఫోన్‌లో రెండు వైఫై పేర్లు చూపించి, పాస్‌వర్డ్ చెప్పి వెళ్లిపోతాడు. ఒక పేరు చివర 5జి అని ఉంటుంది. మొబైల్ 5జితో దానికి సంబంధం లేదు, అది 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్, అంటే వైఫై సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీల పట్టీ. రెండోది 2.4. మొదట దేనికి కనెక్టయితే దానితోనే ఏళ్లు గడిపేస్తుంటాం.

2.4 గోడలు బాగా దాటుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇటుక, కాంక్రీటు సిగ్నల్‌ను ఎక్కువగా మింగేస్తాయి. అందుకే హాల్లో ఫుల్లుగా ఉన్న 5 రెండు గోడలవతల నీరసపడుతుంది. స్లాబు దాటి మేడమీదకి వెళ్లాలంటే దానికి ఇంకా కష్టం. సొంతిల్లు, చుట్టూ ఖాళీ స్థలం ఉన్నవాళ్లకు 2.4తో పెద్దగా ఇబ్బంది రాదు.

అపార్ట్‌మెంట్‌లో కథ వేరు. గీతలన్నీ నిండుగా ఉంటాయి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. 2.4లో మనకున్నవి 13 ఛానెళ్లు, అంటే సిగ్నల్ నడిచే దారులు. కానీ ఒకదానిమీద ఒకటి పడకుండా పక్కపక్కనే వాడుకోగలిగేవి మూడే: 1, 6, 11. ఒక ఛానెల్‌లో ఒకరు డేటా పంపుతుంటే మిగతావాళ్లు ఆగాల్సిందే. పైన, కింద, ఎదురుగా ఉన్న ఫ్లాట్ల రూటర్లన్నీ ఆ మూడింటిమీదే పడతాయి. బ్లూటూత్ కూడా అక్కడే. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ దాదాపు 2.45 దగ్గరే కాబట్టి, కూర వేడయ్యేంతసేపూ వంటింటి పక్కన వీడియో కాల్ ముక్కలైనా ఆశ్చర్యం లేదు. ఖాళీగా ఉంటుందిలే అని 3, 4 ఛానెళ్లు పెట్టుకుంటారు కొందరు. అలా చేస్తే 1లో ఉన్నవాళ్లతోనూ గొడవే, 6లో ఉన్నవాళ్లతోనూ గొడవే.

5లో ఛానెళ్లు ఎక్కువ, వెడల్పూ ఎక్కువ. పైగా పక్కింటి సిగ్నల్ గోడ దాటి రావడానికే ఆపసోపాలు పడుతుంది కాబట్టి, దూరం వెళ్లలేకపోవడం ఇక్కడ మనకు కలిసొస్తుంది. రూటర్ ఉన్న గదిలోనో పక్క గదిలోనో ఉంటే కళ్లు మూసుకుని 5 పట్టండి.

పెట్టెమీద వైఫై 5, వైఫై 6 అని కనిపించే అంకెలు బ్యాండ్లు కావు, తరాలు. 802.11ఎసి, 802.11ఎఎక్స్ లాంటివి జనానికి నోరు తిరగవని 2018లో వైఫై అలయన్స్ ఈ పేర్లు పెట్టింది. వైఫై 6 రూటర్ ఇంట్లో పరికరాలు ఎక్కువైనప్పుడు పనికొస్తుంది. ఫోన్ పాతదైతే డబ్బు దండగ.

ఇక కేబుల్. కదలని వస్తువుకి వైఫై ఎందుకన్నది నా పట్టుదల. టీవీ, ఆఫీసు పని చేసుకునే డెస్క్‌టాప్ ఎక్కడికీ వెళ్లవు కదా! క్యాట్ 5ఇ అనే మామూలు నెట్ కేబుల్ 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ వేగం మోస్తుంది. ఓవెన్ పెట్టినా, పక్కింటివాళ్లు సినిమా చూసినా దానికి పట్టదు. అయితే ఒక తిరకాసుంది. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా కేబుల్‌లో 95 దగ్గరే ఆగిపోతుంటే కేబుల్ చివరి ప్లగ్ వైపు చూడండి. 100 ఎంబీపీఎస్‌కి కేబుల్ లోపలి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. క్రింపింగ్‌లో, అంటే తీగలను ప్లగ్‌లో నొక్కి బిగించేటప్పుడు, ఒక్క తీగ సరిగ్గా పడకపోయినా లింకు 100కి దిగిపోవచ్చు, నెట్ మాత్రం వస్తూనే ఉంటుంది. ప్లగ్ బాగానే ఉంటే రూటర్ పోర్టో, టీవీ పోర్టో 100దే అయ్యుంటుంది. చాలా టీవీలకు ఉండేది అదే. సినిమాకి అది చాలు.

అందుకని నేనైతే స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు 2.4కి వదిలేస్తాను. వాటిలో చాలావరకు 5ని అసలు చూడలేవు. రెండు బ్యాండ్లూ ఒకే పేరుతో ఉన్న రూటర్లో బల్బు కనెక్ట్ కాక టెన్షన్ పెడుతుంటే, పేర్లు విడగొడితే తరచూ దారికొస్తుంది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు 5కి. టీవీకి, డెస్క్‌టాప్‌కి కేబుల్. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు రూటర్ పెట్టే చోటు నుంచి టీవీ గోడకి, పై అంతస్తుకి, కరెంటు వైర్ల పైపుతో కలపకుండా ఒక ఖాళీ పైపు విడిగా వేయించుకోండి. ప్లాస్టరింగ్ అయ్యాక గోడ పగలగొట్టడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు.