లినక్స్‌లో బీబీసీ ఐప్లేయర్: చూడటానికి హాయి, దాచుకోవడానికి దారి లేదు

బ్రిటన్‌లో టీవీ లైసెన్సు రుసుము 2025 ఏప్రిల్‌లో ఏడాదికి 174.50 పౌండ్లకు చేరింది. బీబీసీ ఇంటర్నెట్ వీడియో సేవ ఐప్లేయర్‌లో పాత కార్యక్రమం చూడాలన్నా 2016 సెప్టెంబరు 1 నుంచి ఆ లైసెన్సు ఉండి తీరాలి. చట్టబద్ధంగా వసూలు చేసిన సొమ్ముతో నడిచే సేవ కనుక, కట్టినవారి కంప్యూటర్‌లో విండోస్ ఉందా, మరొకటి ఉందా అన్నదానితో నిమిత్తం లేకుండా అది అందరికీ ఒకే తీరున అందాలి. విండోస్‌కు బదులుగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు ఉన్న నా ల్యాప్‌టాప్‌లో ఐప్లేయర్‌ను ఈ కొలమానంతోనే చూశాను.

చూడటం వరకు ఫిర్యాదు లేదు. ఫైర్‌ఫాక్స్‌లో సైటు తెరిచి, ఖాతాలోకి ప్రవేశిస్తే ప్రత్యక్ష ప్రసారాలూ పాత ధారావాహికలూ వెంటనే మొదలవుతాయి. ఫెడోరా వంటి ఇతర లినక్స్ రకాల్లో మాత్రం పేటెంట్ల చిక్కు వల్ల వీడియో కోడెక్‌ను (వీడియోను కుదించి, తిరిగి విప్పే సాఫ్ట్‌వేర్‌ను) విడిగా చేర్చుకోవలసి రావచ్చు. సబ్‌టైటిళ్లు దాదాపు ప్రతి కార్యక్రమానికీ ఉన్నాయి. ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో పిల్లల దగ్గరకు వచ్చి, బ్రిటిష్ యాసకు ఇంకా అలవాటు పడని పెద్దవారికి అవి ఎంత ఆసరాగా ఉంటాయో ఇంట్లో చూసినవారికే తెలుస్తుంది.

అయితే ఈ సౌకర్యం మొదటి నుంచీ ఉన్నది కాదు. 2007 జులైలో ఐప్లేయర్‌ను ప్రయోగాత్మకంగా విడుదల చేసినప్పుడు అది కాపీ చేయకుండా అడ్డుకునే మైక్రోసాఫ్ట్ డీఆర్‌ఎం సాంకేతికత మీద ఆధారపడి, విండోస్ ఎక్స్‌పీలో మాత్రమే పనిచేసేది. అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ సేవ అందాలన్న షరతుతోనే అప్పటి పర్యవేక్షణ సంస్థ బీబీసీ ట్రస్టు అంతకుముందు దానికి అనుమతి ఇచ్చింది. తమ సైటుకు వచ్చే లినక్స్ వాడుకరులు 400 నుంచి 600 మంది మాత్రమేనని ఆ ఏడాది బీబీసీ ఉన్నతాధికారి ఆష్లీ హైఫీల్డ్ చెప్పి, విమర్శలు వచ్చాక ఆ అంచనాను 36,600 నుంచి 97,600 వరకు సవరించారు. ఈ ఉదంతాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను, ఎందుకంటే లెక్కలోకి రాని ప్రేక్షకులకు సేవ కూడా రాదు. ఆ డిసెంబరులో బ్రౌజర్‌లో వీడియో ఆడించే అడోబీ సాఫ్ట్‌వేర్ ఫ్లాష్ ద్వారా వీడియో చూసే వీలు కలిగింది. ఫ్లాష్ స్థానంలో బహిరంగ వెబ్ ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్5 స్థిరపడ్డాక లినక్స్ వారికి ఆ చింత తీరింది.

డౌన్‌లోడ్ విషయంలో కథ వెనక్కి నడిచింది. 2008 డిసెంబరులో వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో యాప్‌లను నడిపించే అడోబీ ఎయిర్ ఆధారంగా వచ్చిన డెస్క్‌టాప్ ఐప్లేయర్ లినక్స్‌లోనూ కార్యక్రమాలను దాచుకోనిచ్చేది. 2011లో అడోబీ లినక్స్‌కు ఎయిర్ ఇవ్వడం మానేసింది. ఆ తర్వాత బీబీసీ తెచ్చిన డౌన్‌లోడ్ యాప్ విండోస్, మ్యాక్‌లకే పరిమితమైంది. ఈనాటికీ రైలు ప్రయాణంలో చూడటానికి ఒక డాక్యుమెంటరీని లినక్స్ ల్యాప్‌టాప్‌లో అధికారికంగా దించుకునే మార్గం లేదు, ఫోన్‌నో టాబ్లెట్‌నో ఆశ్రయించవలసిందే. ఔత్సాహికులు పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి, నిర్వహిస్తున్న గెట్ ఐప్లేయర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉన్నా, అది బీబీసీ ఇచ్చినది కాదు, సైటు లోపలి అమరిక మారినప్పుడల్లా ఆగిపోయే ప్రమాదమూ ఉంది. దాన్ని ఈ సేవ ఖాతాలో వేయడం న్యాయం కాదు. అల్ట్రా హెచ్‌డీ కొన్ని టీవీలకూ వాటికి తగిలించే పరికరాలకే పరిమితం కనుక, ఆ లోటు కంప్యూటర్ వాడేవారందరిదీ.

నాకు బాధ కలిగించేది సామర్థ్యం ఉండి కూడా చేయకపోవడం. డిరాక్ అనే ఓపెన్ సోర్స్ వీడియో కోడెక్‌ను తయారుచేసి ప్రపంచానికి ఇచ్చింది బీబీసీ పరిశోధన విభాగమే. అంతటి ఇంజనీర్లున్న సంస్థ ఒకసారి మైక్రోసాఫ్ట్‌నూ మరోసారి అడోబీనీ నమ్ముకుని, వాళ్లు వదిలేసినచోట తన ప్రేక్షకులను వదిలేయకూడదు. బహిరంగ ప్రమాణాలను అనుసరించిన చోట లినక్స్‌కు వేరే ఏర్పాటే అవసరం పడలేదు కనుక, బ్రౌజర్‌లోనే కార్యక్రమాన్ని కొన్నాళ్లు దాచుకునే వీలు కల్పించమని నేను కోరుతున్నాను. ప్రస్తుతానికి ఇంట్లో నెట్ ఉన్నచోట చూసుకునే లినక్స్ వాడుకరులు ఐప్లేయర్‌ను నిస్సంకోచంగా నమ్ముకోవచ్చు. ప్రయాణాల్లో చూసే అలవాటున్నవారు మాత్రం ఫోన్‌లో ఖాళీ చూసుకోవాలి.