బ్లాక్ మౌంటెన్, హై నాబ్, ఫ్రోజెన్ హెడ్: బొగ్గు సీమలో కౌంటీ శిఖరం ఎక్కాలంటే ఏది మేలు?

అమెరికా తూర్పున ఉన్న అపలాచియన్ బొగ్గు సీమలో కౌంటీ శిఖరాలు, అంటే ఒక్కో కౌంటీలో (అక్కడి జిల్లాలో) అన్నిటికన్నా ఎత్తయిన చోట్లు, ఎక్కాలనుకునేవాళ్ళు ముందు ఎత్తు ఎంతో చూస్తారు. ఈ మూడింటి విషయంలో ఆ అంకెను నమ్ముకుంటే దెబ్బతింటారు. వర్జీనియాలోని వైజ్ కౌంటీలో హై నాబ్ 4,223 అడుగులు. కెంటకీలోని హార్లాన్ కౌంటీలో బ్లాక్ మౌంటెన్ 4,145 అడుగులు (పాత పుస్తకాల్లో 4,139 అని ఉంటుంది). టెన్నెసీలోని మోర్గాన్ కౌంటీలో ఫ్రోజెన్ హెడ్ 3,324 అడుగులే. కానీ మొదటి రెండింటి నెత్తి దాకా కారు వెళ్తుంది. పొట్టిదాన్నే చెమటోడ్చి ఎక్కాలి.

బ్లాక్ మౌంటెన్‌కు పేరెక్కువ, ఎందుకంటే అది హార్లాన్ కౌంటీకే కాదు, కెంటకీ రాష్ట్రం మొత్తానికీ ఎత్తయిన చోటు. లించ్ ఊరి నుంచి 160వ నంబరు రోడ్డు మెలికలు తిరుగుతూ రాష్ట్ర సరిహద్దు దాకా ఎక్కుతుంది. సరిహద్దు దగ్గర, వర్జీనియా వైపు దిగకముందే, కుడివైపు ఇరుకు రోడ్డు ఒకటి చీలుతుంది. దాని మీద సుమారు మైలున్నర వెళ్తే శిఖరం. దారిలో విమానాల రాకపోకలు చూసే తెల్లటి రాడార్ గోళం కనిపిస్తుంది. అదే శిఖరం అనుకుని ఫొటో దిగి వెనక్కి తిరిగేవాళ్ళున్నారు. అసలు చోటు అడవి మంటల్ని కనిపెట్టడానికి కట్టిన, తుప్పు పట్టిన పాత అగ్నిపహారా టవర్ దగ్గర ఉంది. ఆ టవర్ ఎక్కొద్దు, అది మనుషుల్ని మోసే స్థితిలో లేదు. చుట్టూ చెట్లే కాబట్టి ఆకులున్న కాలంలో పైనుంచి చూడ్డానికి ఏమీ ఉండదు.

ఇంకో చిక్కు: ఈ నేల పార్కు కాదు. చాలా ఏళ్ళపాటు శిఖరం ఒక బొగ్గు భూముల సంస్థ చేతిలో ఉండేది, 'నాకేమైనా అయితే నాదే బాధ్యత' అని ముందుగా పత్రం మీద సంతకం చేసి పంపమనేవారు. సొంతదారు మారితే నియమమూ మారుతుంది కాబట్టి బయల్దేరే వారంలోనే ఒకసారి కనుక్కోండి. 1999లో కెంటకీ ప్రభుత్వం శిఖరం చుట్టుపక్కల ఖనిజ, కలప హక్కులు కొనేసింది. అందుకే పై భాగం తవ్వకాల నుంచి బతికిపోయింది.

నడక కావాలనుకుంటే సరిహద్దు దగ్గర దారికి అడ్డం రాకుండా కారు ఆపి, ఆ మైలున్నరా నడవండి. రానూపోనూ గంటన్నర పడుతుంది. పిల్లలూ నడవగలరు. నిజం చెప్పాలంటే బ్లాక్ మౌంటెన్ సొగసు కొండ మీద లేదు, కింద ఉంది. 1917లో యూఎస్ స్టీల్ అనుబంధ సంస్థ కట్టిన లించ్‌లో పోర్టల్ 31 గనిలోకి చిన్న రైలులో తీసుకెళ్తారు. పక్కనే బెన్‌హామ్‌లో బొగ్గు మ్యూజియం ఉంది. 2017లో దాని పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టారు. బొగ్గు మ్యూజియానికి ఎండ కరెంటు!

పైనుంచి దూరదూరాలు చూడాలంటే హై నాబ్. చుట్టూ చూడ్డానికి శిఖరం మీద టవర్ ఉంది; పాతది 2007లో తగలబడింది, 2014లో కొత్తది కట్టారు. గాలి తేటగా ఉంటే ఐదు రాష్ట్రాలు కనిపిస్తాయంటారు. వేసవి మధ్యాహ్నాల్లో మసక ఎక్కువ, అందుకే చల్లటి గాలి వచ్చి వాన వెలిసిన మర్నాటి పొద్దున వెళ్ళండి. ఇది జెఫర్సన్ నేషనల్ ఫారెస్ట్ భూమి, అనుమతి పత్రాల గొడవ లేదు. నార్టన్ నుంచి 619 రోడ్డు పట్టుకుని పైదాకా కారులో వెళ్ళి నాలుగడుగులు వేస్తే టవర్. అది మరీ తేలికనిపిస్తే కింద హై నాబ్ సరస్సు దగ్గర మొదలుపెట్టండి, టవర్‌కు సుమారు మైలున్నర ట్రైల్ (కాలిబాట). ఈ కొండ మేఘాల్ని ఆపుతుంది. వర్జీనియాలో బాగా వానపడే చోట్లలో ఇదొకటి. నార్టన్‌లో ఎండ కాస్తున్నా పైన పొగమంచు ఉండొచ్చు, చలికాలంలో రోడ్డే మంచుతో మూసుకుపోతుంది. రెయిన్ జాకెట్ కారులోనే వదిలి వెళ్ళొద్దు.

ఈ రెండింటికీ మధ్య అపలాచియా అనే చిన్న ఊరు మీదుగా గంట ప్రయాణం. పొద్దున బ్లాక్ మౌంటెన్, మధ్యాహ్నం హై నాబ్ పెట్టుకుంటే ఒక రోజులో రెండు కౌంటీలు అయిపోతాయి. కారు మలుపుల్లో కడుపు తిప్పేవాళ్ళు మాత్రం తిన్న వెంటనే 160 ఎక్కొద్దు.

హైకింగ్ కోసమే వెళ్తున్నారా? అయితే రెండో మాట లేదు, ఫ్రోజెన్ హెడ్. నాక్స్‌విల్‌లో ఉండే మనవాళ్ళకు గంట దూరం, వార్ట్‌బర్గ్ పక్కన. స్టేట్ పార్కు కాబట్టి ట్రైల్స్‌కు గుర్తులున్నాయి, అడిగితే చెప్పే రేంజర్లున్నారు. సౌత్ ఓల్డ్ మ్యాక్ ట్రైల్ నిటారు, పొట్టి. నార్త్ ఓల్డ్ మ్యాక్ పొడుగు, వాలు తక్కువ. సౌత్ మీద ఎక్కి నార్త్ మీద దిగండి. దిగేటప్పుడే మోకాళ్ళకు దెబ్బ, అందుకని మెల్లటి వాలును దిగడానికి దాచుకోవాలి. మొత్తం ఏడు మైళ్ళకు అటూఇటూ, నిలువునా దాదాపు 1,800 అడుగులు. మామూలుగా నడిచేవాళ్ళకు నాలుగైదు గంటలు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. పైన చూడ్డానికి కట్టిన వేదిక మీంచి నాలుగు దిక్కులా కొండలే. ఏప్రిల్‌లో వెళ్తే దారి పొడుగునా అడవిపూలు.

ట్రైల్ వదలొద్దు. ఈ కొండల అవతలే బ్రషీ మౌంటెన్ జైలు ఉండేది, 2009లో మూసేశారు. ఒకప్పుడు అక్కడి ఖైదీల చేత బొగ్గు తవ్వించేవారు. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన జేమ్స్ అర్ల్ రే 1977 జూన్‌లో గోడ దూకి పారిపోయాడు. రెండు రోజులకు పైగా ఈ అడవుల్లో తిరిగి, జైలుకు కొద్ది మైళ్ళ దూరంలోనే దొరికాడు. ముళ్ళ పొదలు, నిట్టనిలువు లోయలు అలాంటివి.

మూడు చోట్లా వర్తించేది నీళ్ళ సంగతి. వాగు అడుగున రాళ్ళకు నారింజ రంగు బురద పట్టి ఉంటే ఆ నీళ్ళు ముట్టొద్దు. గనిలో బయటపడిన పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజానికి గాలీ నీళ్ళూ తగిలి ఆమ్లం పుడుతుంది, ఇనుము కరిగి కిందికి వచ్చి రాళ్ళ మీద పేరుకుంటుంది. మనం మోసుకెళ్ళే ఫిల్టర్ సూక్ష్మజీవుల్ని ఆపుతుంది గానీ నీళ్ళలో కరిగిన లోహాన్ని ఆపదు, మరగబెట్టినా పోదు. రంగు లేనంత మాత్రాన గని కింది నీళ్ళు మంచివని కాదు. తాగేవన్నీ ఊళ్ళోనే నింపుకోండి.

పాత గని నోరు కనిపిస్తే బయటినుంచే చూడండి. లోపల ఆక్సిజన్ తగ్గిన గాలికి రంగూ వాసనా ఉండవు, కళ్ళు తిరిగేసరికే వెనక్కి నడిచే ఓపిక ఉండదు. ఫోన్ సిగ్నల్ మీద ఆశపెట్టుకోకుండా మ్యాప్ ముందే దించుకోండి. వేసవిలో పిడుదులు (ఒంటికి పట్టి రక్తం పీల్చే పురుగులు) ఎక్కువ, ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకుని, తిరిగొచ్చాక మోకాలి వెనక, నడుం దగ్గర వెతుక్కోండి. శరదృతువు వేట సీజన్‌లో బ్లాక్ మౌంటెన్, హై నాబ్‌లకు వెళ్తే అందరూ మెరిసే నారింజ చొక్కా వేసుకోవాలి. గోధుమరంగు జాకెట్ ఆ రోజుకు ఇంట్లోనే ఉండనివ్వండి.