2⁶⁷ − 1తో పరీక్షించి చూసిన పారి/జీపీ

పెద్ద పూర్ణాంకాల ధర్మాలను పరిశీలించడానికి నేను తరచుగా ఉపయోగించేది పారి/జీపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. 1980లలో ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఆన్రీ కోహెన్, ఆయన సహచరులు దీనికి శ్రీకారం చుట్టారు. దీని పనితనాన్ని చూపడానికి 2⁶⁷ − 1, అంటే 147573952589676412927, చక్కగా సరిపోతుంది.

ఫ్రెంచ్ గణితజ్ఞుడు మెర్సెన్ 1644లో ఈ సంఖ్యను ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. అది సరికాదని 1876లో మరో ఫ్రెంచ్ గణితజ్ఞుడు ల్యూకా నిరూపించినా, కారణాంకాలు మాత్రం 1903లో అమెరికన్ గణితజ్ఞుడు కోల్ కనుగొనేవరకు తెలియలేదు. ఇప్పుడు ‘ఫ్యాక్టర్’ ఆదేశం ఇస్తే 193707721, 761838257287 రెప్పపాటులో వస్తాయి. భాజకాల మొత్తం 147573953351708377936 అని ‘సిగ్మా’, ఆయిలర్ ఫై విలువ (అంటే ఈ సంఖ్యతో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని, దీనికంటె చిన్న ధన పూర్ణాంకాలు ఎన్నో ఆ లెక్క) 147573951827644447920 అని ‘ఆయిలర్‌ఫై’ అంతే వేగంగా చెబుతాయి.

అయితే నాకు వేగం కన్నా విలువైనదిగా తోచేది, వచ్చిన జవాబును అక్కడికక్కడే తరచి చూసే వీలు. రెండు కారణాంకాలలోనూ 1 తీసివేసి 134తో భాగిస్తే శేషం మిగలదు. 2ను 67వ ఘాతానికి హెచ్చించి ఈ కారణాంకాలలో దేనితో భాగించినా శేషం 1 వస్తుంది. 67 ప్రధాన సంఖ్య కనుక అంతకంటె చిన్న ఘాతానికి అలా జరగదు. అందువల్ల ఫెర్మా చిన్న సిద్ధాంతం (p ప్రధాన సంఖ్య అయితే, దానితో భాగింపబడని ఏ సంఖ్యనైనా p − 1వ ఘాతానికి హెచ్చించి pతో భాగిస్తే శేషం 1 అనే సూత్రం) ప్రకారం, కారణాంకం నుంచి 1 తీసివేయగా వచ్చేది 67కు గుణిజం కావాలి, సరిసంఖ్య కూడా కావాలి. నాలుగు ఆదేశాలతో ఈ తర్కమంతా కళ్లెదుట సరిపోలుతుంటే కలిగే ఆనందం ఇంతా అంతా కాదు.

ఇదే సంఖ్య ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. 2ను, పరీక్షించే సంఖ్యకంటె ఒకటి తక్కువైన ఘాతానికి హెచ్చించి ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూసే ఫెర్మా పరీక్షలో ఈ సంయుక్త సంఖ్య ప్రధాన సంఖ్యలాగే నెగ్గుతుంది, ఎందుకంటే 2⁶⁷ను దీనితో భాగిస్తే శేషం 1, దీనిలోంచి 1 తీసివేస్తే వచ్చేది 67కు గుణిజమే. పారి/జీపీలోని ‘ఈజ్‌సూడోప్రైమ్’ అంతటితో ఆగక ల్యూకా పేరిట ఉన్న మరో ప్రధానత్వ పరీక్షను కూడా జోడిస్తుంది కనుక మోసపోదు. ఈ జంట పరీక్ష 2⁶⁴ లోపు సంఖ్యలకు నిరూపణతో సమానం. ఆపై సంఖ్యలకు మాత్రం అది బలమైన సూచన మాత్రమే. ‘ఫ్యాక్టర్’ ఇచ్చే పెద్ద కారణాంకాలకు కూడా ఇదే వర్తిస్తుంది, అమరికలలో మార్చుకుంటే తప్ప వాటి ప్రధానత్వ నిరూపణ జరగదు. ఈ అమరిక మొదటినుంచే నిరూపణ వైపు ఉండి ఉంటే, కొంత ఆలస్యమైనా కొత్తవారికి మేలు జరిగేదని నా అభిప్రాయం.

పరిమితి కూడా లేకపోలేదు. ఇంచుమించు సమానమైన రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం వంద అంకెలను బాగా దాటితే దాన్ని విడగొట్టడానికి ఇది తగిన సాధనం కాదు. అందుకు అవసరమైన సంఖ్యా క్షేత్ర జల్లెడ పద్ధతి ఇందులో లేదు. ఒక పెద్ద సంఖ్య ప్రధానమని ఇతరులకు నిరూపించి చూపవలసి వచ్చినప్పుడు మాత్రం నేను ముందుగా దీని ‘ప్రైమ్‌సర్ట్’నే ఆశ్రయిస్తాను, ఎందుకంటే అది ఇచ్చే ధ్రువపత్రాన్ని ఎవరైనా విడిగా సరిచూసుకోవచ్చు.