బజారు రంగు ముద్ద, వంటింటి ముద్ద: రెండూ వాడి చూశాక

ఇరవై ఏళ్లుగా కావలిలో ఇంటి దగ్గరే పిండివంటలు చేసి అమ్ముతున్నాను. పిండి బిగిసిందో జారిందో చెయ్యి పెడితే తెలిసిపోతుంది. పిల్లలు ఆడుకునే ఈ రంగు ముద్దల్ని కూడా పిండిగానే చూశాను, అలాగే చెబుతాను.

వేసవి సెలవులకి ఒంగోలు నుంచి మా అమ్మాయి పిల్లలు వచ్చారు. మనవడికి ఏడేళ్లు, మనవరాలికి నాలుగు. ఎండకి బయటికి పంపలేక, బజార్లో ఒక బొమ్మల కొట్లో 299 రూపాయలు పెట్టి ఆరు డబ్బాల సెట్టు కొన్నాను. మొదటి రోజు బాగుంది. మెత్తగా ఉంది, చేతికి అంటలేదు. కానీ ఒక్కో డబ్బాలో ఉన్నది పెద్ద నిమ్మకాయంత ముద్ద. ఇద్దరూ పంచుకుంటే ఏం చేసుకోవాలి? పైగా మూతలు సరిగ్గా బిగుసుకోలేదు. నాలుగో రోజుకి ముద్ద ఎండిన రొయ్యల గుంట అడుగులా నెర్రెలు విచ్చింది. నీళ్లు చల్లి పిసికితే పైన జిగురు, లోపల పలుకులు. డబ్బా మీద ఏమేం కలిపారో ఒక్క ముక్క రాయలేదు. నాలుగేళ్ల పిల్ల చేతికిచ్చే వస్తువు మీద అది లేకపోవడం నాకు అన్నిటికంటే బాధగా అనిపించింది.

ప్లే-డో అని పేరున్న ముద్ద కూడా మొదట బొమ్మ కాదని మా అమ్మాయి చెప్పింది. అమెరికాలో బొగ్గు మసి పట్టిన గోడ కాగితాల్ని తుడవడానికి చేసిందట. ఒక నర్సరీ టీచరు దాన్ని పిల్లల చేత పట్టించి చూశాక, 1956లో ఆట వస్తువుగా అమ్మకానికి పెట్టారట. అందులో ముఖ్యంగా ఉండేది నీళ్లు, ఉప్పు, గోధుమ పిండే. అవి నా వంటింట్లో లేనివా?

మొదటిసారి పచ్చి మైదాలోనే రాళ్ల ఉప్పు, నీళ్లు పోసి కలిపాను. ఆవకాయ కోసం తెప్పించిన ఇసకపల్లి ఉప్పు అది. పలుకులు పిల్లల అరచేతుల్లో గుచ్చుకున్నాయి. తెల్లారేసరికి ముద్ద జారిపోయి గిన్నెకి అతుక్కుంది. అప్పుడు ఉండ్రాళ్ల పిండి గుర్తొచ్చింది. పచ్చి బియ్యప్పిండిని నీళ్లతో ఎంత కలిపినా ఉండ చేస్తే పగులుతుంది. అదే మరిగే నీళ్లలో వేసి ఉక్కబెడితే చెప్పినట్టు వింటుంది. వేడికి పిండి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, అందుకే పట్టు వస్తుంది. మైదాకి సాగే గుణం ముందే ఉంది. దాన్నీ ఉడికిస్తే సరి అనుకున్నాను, అలాగే కుదిరింది.

రెండు గ్లాసుల నీళ్లలో అర గ్లాసుకి కాస్త పైగా రాళ్ల ఉప్పు వేసి, వేడి చేసి కరిగించాను. అడుగున ఇసక ఉంటుంది, పల్చటి గుడ్డలో వడకట్టాలి. చల్లారాక రెండు గ్లాసుల మైదా, రెండు పెద్ద చెంచాల నూనె, రెండు నిమ్మకాయల రసం. దీనికి క్రీమ్ ఆఫ్ టార్టర్ అనే పుల్లటి పొడి వేస్తారట, మా ఊరి కిరాణా కొట్లో ఎవరికీ ఆ పేరు తెలియదు. పొదలకూరు నిమ్మకాయలకి కొదవ లేని జిల్లాలో దాని కోసం తిరగక్కర్లేదు, పులుపు పడితే చాలు. ఉండలు లేకుండా దోసెల పిండిలా కలపడం పిల్లల పని. స్టవ్ దగ్గర పని మాత్రం నాదే. సన్న మంట మీద, అడుగు మందంగా ఉన్న గిన్నెలో, ఉదయగిరి చెక్క గరిటెతో ఆపకుండా తిప్పాను. నాలుగైదు నిమిషాలకి పిండి గిన్నె వదిలి గరిటె చుట్టూ హల్వాలా చేరుతుంది. అప్పుడు దించి, తడిగుడ్డ కప్పాలి. పైన ఆరినా లోపల సెగ ఉంటుంది, మధ్యకి విరిచి మనం పట్టుకుని చూశాకే పిల్లలకివ్వాలి.

రంగుల దగ్గర కొంచెం కష్టపడ్డాను. పసుపు చక్కగా పట్టింది, కాకపోతే మనవడి తెల్ల బనీనుకీ పట్టింది. బీట్‌రూట్ నీళ్లు పోసి ఉడికిస్తే రంగు మాడి మట్టిలా అయింది. రెండోసారి తురిమి పిండిన చిక్కటి రసాన్ని, ఉడికిన ముద్ద చల్లారాక కొద్దికొద్దిగా వేసి మర్దించాను. మంచి గులాబీ రంగు వచ్చింది. జిగురుగా అనిపిస్తే గుప్పెడు పొడి మైదా.

పాత అల్యూమినియం మురుకుల గొట్టం ఆటకి ఇచ్చేశాను. ఉప్పు తగిలితే పాడవుతుందని ఇత్తడిది దాచాను. మనవడు గొట్టంలోంచి తీసిన తాళ్లని చుట్టి చక్రాలు చేసి, బిట్రగుంట స్టేషన్‌లో ఆగిన రైలు అన్నాడు. మనవరాలు రొయ్యలు చేసింది, మీసాలతో సహా. మధ్యలో, "అవ్వా, ఇవి నూనెలో వెయ్యవా?" అని అడిగి ఒకటి నోట్లో పెట్టుకుంది. వెంటనే ఊసేసింది, అంత ఉప్పు. అంత ఉప్పు ఉన్నందుకే పక్కన మనం ఉండాలి, నోట్లో పెట్టుకునే పసిబిడ్డలకి అసలు ఇవ్వకూడదు. గోధుమ పడని పిల్లలకి కూడా వద్దు. ఇంట్లో కుక్కపిల్ల ఉంటే దానికి అందనివ్వకండి, ఇంత ఉప్పు తింటే దాని ప్రాణానికే ముప్పు.

మొత్తం ఖర్చు 40 రూపాయలు దాటలేదు, రెండు దోసిళ్ల ముద్ద వచ్చింది. గాలి చొరని సీసాలో పెడితే మూడు వారాలైనా మెత్తగానే ఉంది. మా సముద్రపు గాలికి మాత్రం చెమ్మ పడుతుంది, ఉప్పు గుణం అది. ఐదు మార్కుల్లో బజారు సెట్టుకి రెండు ఇస్తాను. ఇంటి ముద్దకి నాలుగున్నర, ఆ చెమ్మ కోసం అర తగ్గించాను.

వెళ్లే రోజు మనవరాలు పసుపు ముద్దని హార్లిక్స్ సీసాలో పెట్టించుకుని తీసుకెళ్లింది. మొన్న ఫోన్ చేసి, "అవ్వా, దానికి చెమట పట్టింది, పొడి మైదా వెయ్యమని అమ్మకి చెప్పు" అంది.