అజాన్ గడియారం బాగుంది, కానీ సెట్టింగ్స్ మార్చకుండా గోడకు తగిలించకండి

నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు కోశానో కింద రాశాను, గుంటూరు చుట్టుపక్కల వాళ్లు తప్పకుండా చదవండి.

గోడకు తగిలించే డిజిటల్ గడియారం ఇది, ఐదు పూటలా అజాన్ (నమాజు పిలుపు) ఇస్తుంది, ఆన్‌లైన్లో మూడు వేల లోపే వచ్చింది. ఊరి చివర అపార్ట్‌మెంట్‌కి మారాక మాకు మసీదు అజాన్ సరిగా వినపడదు, ఫ్యాన్ వేస్తే అదీ లేదు. మగవాళ్లం బయట ఎక్కడో ఒకచోట జమాత్ (అందరూ కలిసి చదివే నమాజు) అందుకుంటాం, ఇబ్బందంతా ఇంట్లోనే నమాజు చదువుకునే అమ్మీకి, మా ఆవిడకి. పనిలో పడి అసర్ (సాయంత్రం నమాజు) ఖజా అయిందంటే, అంటే వేళ దాటిపోయిందంటే, ఆ సాయంత్రమంతా అమ్మీకి మనసు మనసులో ఉండదు. ప్రవక్త ఆకాశయానం చేసిన మేరాజ్ రాత్రి యాభై పూటల నమాజు తగ్గి తగ్గి ఐదుకొచ్చింది, ఆ ఐదు కూడా వేళకు చదవలేకపోతే ఎట్లా అంటుంది. నిజమే కదా.

ఇక అసలు సమస్య. ఊళ్ల జాబితాలో హైదరాబాద్ ఉంది, గుంటూరు లేదు. దగ్గరే కదా, ఏముందిలే అని హైదరాబాద్ పెట్టేస్తే దెబ్బ తింటారు, ఎందుకంటే మనం అక్కడికి దాదాపు రెండు డిగ్రీలు తూర్పున ఉన్నాం, డిగ్రీకి 4 నిమిషాల లెక్కన మనకు పొద్దు సుమారు 8 నిమిషాలు ముందే పొడుస్తుంది, ముందే గుంకుతుంది. ఫజర్‌కి (తెల్లవారుజాము నమాజు) ఇంకా టైముందని తాపీగా వజూ చేసుకుని (కాళ్లూ చేతులూ ముఖం కడుక్కుని) నిలబడితే అప్పటికి సూర్యుడు పైకి వస్తుంటాడు, ఆ వేళలో నమాజు చదవకూడదు. రంజాన్లో ఇంకా ఘోరం, సహరీ (ఉపవాసం మొదలయ్యే ముందు తినే భోజనం) వేళ దాటిపోయినా తింటూనే కూర్చుంటాం. నమాజు నిర్ణీత వేళల్లో విధి అని ఖుర్ఆన్‌లో నిసా సూరా 103వ ఆయత్ స్పష్టంగా చెబుతుంటే, వేళ చెప్పడానికే కొన్న వస్తువు 8 నిమిషాలు తప్పితే ఇంకేం లాభం? అక్షాంశం 16.3, రేఖాంశం 80.4 మనమే కొట్టుకోవాలి. ఉన్నవి నాలుగే బటన్లు, ఒక్క నొక్కు ఎక్కువైతే మళ్లీ మొదటికి. దాంతో వచ్చే పుస్తకంలో అక్షరాలు చీమ తలకాయంత. ఒక స్టార్ పోయింది ఇక్కడే.

డబ్బాలోంచి తీసినప్పుడు లెక్క ఉమ్ముల్ ఖురా, అంటే మక్కా పద్ధతిలో ఉంటుంది. దాని ప్రకారం ఇషా (రాత్రి నమాజు) మగ్రిబ్ (పొద్దుగుంకగానే చదివేది) తర్వాత గంటన్నరకు, రంజాన్లో ఏకంగా రెండు గంటలకు. మనకు అంతసేపు పట్టదు. కరాచీ అని ఇంకో పద్ధతి ఉంటుంది, ఫజర్‌కీ ఇషాకీ సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలు కింద ఉన్నప్పటి లెక్క, అది పెట్టుకోండి. తర్వాత అసర్. నమాజు నియమాల్లో ఒక సంప్రదాయమైన షాఫయీ లెక్కలో వస్తువు నీడ, మధ్యాహ్నపు నీడ తీసేసి, దానంత పొడుగు కాగానే వేళ మొదలు. మన దగ్గర ఎక్కువమందిమి ఇంకో సంప్రదాయమైన హనఫీలం, మనకు రెండింతలు కావాలి. కాలాన్ని బట్టి ముప్పావుగంట నుంచి గంటకు పైగా తేడా వస్తుంది, ఆ ఆప్షన్ మెనూలో బాగా అడుగున దాక్కుని ఉంది.

ఇన్నీ సరిచేశాక మాత్రం వంక పెట్టడానికి లేదు. గొంతు శుభ్రంగా ఉంది, గరగర లేదు. ఫజర్ అజాన్లో మాత్రమే వచ్చే 'అస్సలాతు ఖైరుమ్ మినన్నౌమ్' (నిద్ర కంటే నమాజు మేలు) ఫజర్‌కే వస్తోంది. ఆ పూట సౌండ్ విడిగా తగ్గించుకోవచ్చు కాబట్టి పక్క ఫ్లాట్ వాళ్ల నిద్ర చెడదు. అమ్మీ ఇప్పుడు జుహర్ (మధ్యాహ్నం నమాజు) అజాన్ మొదలవగానే స్టవ్ సిమ్‌లో పెట్టి లేస్తుంది, ఫోన్లో టైము చూసి చెప్పమని ఎవర్నీ అడగక్కర్లేదు.

మగవాళ్లకు ఒక మాట, ఇది చెప్పేది వేళ మొదలయ్యే టైము, జమాత్ టైము కాదు. దానికి మసీదులో ముళ్లు చేత్తో తిప్పిపెట్టే గడియారాల బోర్డే చూసుకోవాలి. ఇంట్లోకి మసీదు అజాన్ చక్కగా వినపడే వాళ్లకు ఇది దండగ ఖర్చు.

హిజ్రీ (ఇస్లామీ క్యాలెండర్) తేదీ మనకంటే ఒక రోజు ముందు చూపిస్తుంటుంది, ఇక్కడ నెలవంక కనపడ్డాక మైనస్ ఒకటి చేసుకోవచ్చు. కరెంటు పోయినా టైము చెరిగిపోకుండా సెల్స్ వేసే చోటు ఉంది, సెల్స్ మాత్రం డబ్బాలో రావు, విడిగా తెచ్చుకోండి.