మగ్గం వర్క్ దుకాణానికి ఏది మేలు: గూగుల్ ప్రొఫైలా, అద్దె స్టోరా, సొంత వెబ్‌సైటా?

బెంగళూరు మారతహళ్లిలో మా వదిన మగ్గం వర్క్ దుకాణం పెట్టి ఏడేళ్లు దాటింది. రెండు మగ్గాలతో మొదలైన పని ఇప్పుడు అయిదు మగ్గాలకు చేరింది. చుట్టుపక్కల ఐటీ ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు అమ్మాయిలు పట్టుచీరా ఆది జాకెట్టూ సంచిలో పెట్టుకొని వచ్చి, ఫోనులో ఎవరి పెళ్లి ఫోటోనో చూపించి, ఇలాంటిదే కావాలని అడుగుతారు. కుట్టుపని వదినది, లెక్కలూ కంప్యూటరు పనీ నావి. దుకాణాన్ని ఇంటర్నెట్టులో నిలబెట్టడానికి ఉన్న మూడు దారులనూ మేము ఒకదాని తర్వాత ఒకటిగా తొక్కి, మూడింటిలోనూ ఎంతో కొంత పోగొట్టుకున్నాము. కనుక వీటిలో ఏది మేలని ఎవరైనా అడిగితే, మీ కొనుగోలుదారు ఎంత దూరం నుంచి వస్తారని నేను మొదట ఎదురు ప్రశ్న వేస్తాను.

మొదటి దారికి పైసా ఖర్చు లేదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో దుకాణం పేరు, చిరునామా, పనివేళలు, ఫోటోలు పెట్టి, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు పేర్చుకుంటే సరిపోతుంది. రెండోది షాపిఫై వంటి కంపెనీకి నెల నెలా అద్దె కట్టి, వారు కట్టి ఉంచిన స్టోరులో మన సరుకు పెట్టుకోవడం. మూడోది సొంత డొమైన్ పేరు (సైటు చిరునామా), హోస్టింగ్ (సైటును ఉంచే చోటు) కొనుక్కొని వర్డ్‌ప్రెస్ మీద వెబ్‌సైటు కట్టుకోవడం. 2003లో వచ్చిన ఈ వర్డ్‌ప్రెస్ ఉచిత సాఫ్ట్‌వేరు. దాని మీద అమ్మకాలు జరపడానికి వాడే వూకామర్స్ కూడా ఉచితమే.

నడిచి వచ్చే ఖాతాదారుల మీద బతికే దుకాణానికి మొదటి దారిని మించినది లేదు. దగ్గరలోని దుకాణాలను చూపించేటప్పుడు వెతికిన మాటకు దుకాణానికి ఉన్న సంబంధం, మనిషికి దుకాణానికి ఉన్న దూరం, దుకాణానికి ఉన్న పేరు అనే మూడింటిని లెక్కలోకి తీసుకుంటామని గూగులే చెబుతుంది. ఇందులో దూరం మన చేతిలో లేదు. తక్కిన రెండింటినీ మాత్రం ఓపికగా పెంచుకోవచ్చు. మేము చేసిందల్లా, జాకెట్టు తీసుకువెళ్లే రోజున రివ్యూ రాయమని నోరు తెరిచి అడగడం, పూర్తయిన ప్రతి పనికీ పగటి వెలుతురులో ఫోటో తీసి ప్రొఫైల్‌లో పెట్టడం. రివ్యూకు బదులుగా తగ్గింపు ఇస్తామనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. అలా చేసిన ఒక దుకాణం రివ్యూలు ఒక్కసారిగా మాయం కావడం నేను కళ్లారా చూశాను. ఇంట్లోనే కుట్టుకునేవారు ఇంటి చిరునామా అందరికీ కనిపిస్తుందని జంకనక్కరలేదు. చిరునామాను దాచి, పనిచేసే ప్రాంతాలను మాత్రమే చూపించే వీలుంది.

అయితే ఆ స్థలం మనది కాదు. ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఒకప్పుడు ఒక చిన్న వెబ్‌సైటును కూడా ఉచితంగా కట్టి ఇచ్చేది. దాని చిరునామా చివర బిజినెస్ డాట్ సైట్ అని ఉండేది. 2024 మార్చిలో ఆ సైట్లన్నింటినీ మూసివేశారు. కొన్ని నెలల పాటు ఆ చిరునామాకు వచ్చినవారిని ప్రొఫైల్‌కు మళ్లించి, తర్వాత అదీ ఆపేశారు. మా విజిటింగ్ కార్డుల మీద ఉన్నది ఆ చిరునామాయే. ఉచితంగా ఇచ్చినదాన్ని వెనక్కు తీసుకున్నారని గూగుల్‌ను తప్పు పట్టలేను కానీ, అచ్చు వేయించిన కార్డుల డబ్బు మాత్రం మాదే.

ఆ తర్వాత ఏడాది పాటు అద్దె స్టోరు నడిపాము. దానిలోని సుఖం కాదనలేనిది. ఒక సాయంత్రం కూర్చుంటే స్టోరు తయారవుతుంది. భద్రత, అప్‌డేట్లు, పండగ రద్దీ వంటివన్నీ వారే చూసుకుంటారు. చిన్న ప్లానుకు అద్దె నెలకు సుమారు 1,500 నుంచి 2,000 రూపాయల వరకు ఉంటుంది. దీన్ని అందరూ ముందే లెక్క వేసుకుంటారు. లెక్క వేసుకోనిది ప్రతి అమ్మకం మీదా పోయే శాతం. షాపిఫై సొంత చెల్లింపుల సేవ మన దేశంలో లేదు కనుక ఆన్‌లైన్ చెల్లింపులు అందుకునే రేజర్‌పే వంటి గేట్‌వేను కలుపుకోవాలి. గేట్‌వే మామూలుగా 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటుంది. అంటే వెయ్యి రూపాయల ఆర్డరుకు 23 రూపాయల 60 పైసలు. బయటి గేట్‌వే వాడినందుకు చిన్న ప్లానులో షాపిఫై మరో 2 శాతం వేస్తుంది. మొత్తం మీద వెయ్యికి నలభై మూడు రూపాయలు దాటుతుంది. వర్డ్‌ప్రెస్ సైటులో గేట్‌వే కోత ఉంటుంది కానీ ఈ రెండో కోత ఉండదు.

నలభై మూడు రూపాయలు ఎక్కువా తక్కువా అన్నది సరుకును బట్టి ఉంటుంది. కె.ఆర్.పురంలో పచ్చళ్లు, పొడులు చేసి పుణె, హైదరాబాదులకు పంపే మా బంధువులకు అద్దె స్టోరే సరిపోయింది. ఆవకాయ అరకిలో, కిలో సీసాల్లో ఉంటుంది, ధర ముందే తెలుసు, కొనేవారు ఎవరితోనూ మాట్లాడకుండా రాత్రి పదకొండింటికి డబ్బు కట్టి పడుకోవచ్చు. సరుకు రాష్ట్రం దాటుతుంది కనుక అమ్మకాలు ఎంత చిన్నవైనా జీఎస్టీ నమోదు వారికి తప్పలేదు. ఆహారం కనుక ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే నంబరూ కావలసి వచ్చింది. స్టోరు అద్దె ఎంతో చెప్పేవారు ఉంటారు కానీ ఈ రెండింటి సంగతి ముందుగా చెప్పేవారు అరుదు. మగ్గం పని అలాంటిది కాదు. మెడకు ఎంత లోతు, చేతుల మీద కట్‌దానా పూసలు కావాలా, జర్దోసీ జరీ కావాలా, అంచులోని ఏనుగును వీపు మీద వేయాలా వద్దా అన్నవి తేలకుండా ధర చెప్పలేము. మా స్టోరులో “కార్టుకు చేర్చు” అన్న బటను ఏడాది పొడుగునా ఉంది. దాన్ని నొక్కి డబ్బు కట్టినవారు పదిహేడు మంది. తక్కినవారందరూ ఫోటో చూసి వాట్సాప్‌లోకే వచ్చారు. ఏడాది అద్దె ఫోటోల ఆల్బమ్ కోసం కట్టినట్లయింది.

సొంత వెబ్‌సైటు మాకు కొత్త కాదు. 2021లోనే ఒకసారి కట్టించాము. కట్టిన కుర్రవాడు పని తెలిసినవాడే. కానీ డాట్ కామ్ పేరును తన ఈమెయిలుతో, తన పేరు మీద కొన్నాడు. మేము డబ్బు ఇచ్చాము, రసీదు అడగలేదు. మరుసటి ఏడాది అతను దేశం దాటి వెళ్లాడు, ఫోను నంబరు మారింది, రెన్యూవల్ గుర్తుచేసే ఉత్తరాలన్నీ అతని ఈమెయిలుకే వెళ్లాయి. శ్రావణమాసం రెండో వారంలో, వరలక్ష్మీ వ్రతానికి నాలుగు రోజుల ముందు, సైటు ఆగిపోయింది. గడువు దాటిన డాట్ కామ్ పేరును రద్దు చేశాక కూడా 30 రోజుల పాటు, ఎక్కువ రుసుము కట్టి విడిపించుకునే అవకాశం ఉంటుంది. అయితే ఆ అవకాశం రికార్డులో ఎవరి పేరు ఉంటే వారికే. ఆ పేరు చివరకు ఎవరో తీసుకొని అమ్మకానికి పెట్టారు. దుకాణం పేరుతో అచ్చు వేయించిన అయిదు వందల కవర్ల మీద సైటు చిరునామాకు స్టిక్కర్లు అంటిస్తూ వదిన, “కొలత తప్పితే విప్పి కుట్టుకుంటాం గదయ్యా, దీన్ని ఎలా విప్పాలి?” అని అడిగింది. అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

ఇంత జరిగినా ఇప్పుడు మళ్లీ సొంత సైటుకే వచ్చాము. ఖర్చు చెప్పుకోదగినంత కాదు. డొమైన్‌కు ఏడాదికి వెయ్యి రూపాయల పైచిలుకు, హోస్టింగ్‌కు కొన్ని వేలు. 2018 జూలై నుంచి క్రోమ్ బ్రౌజరు హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని గుప్తంగా పంపే పద్ధతి) లేని సైట్లన్నింటినీ సురక్షితం కాదని చూపిస్తోంది కనుక దానికి కావలసిన ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ తప్పదు, కానీ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. అసలు ఖర్చు శ్రద్ధ. ప్లగిన్లను (సైటుకు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములను) అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే తాళం వేయని దుకాణమే. నెలకు ఒక గంట దానికి కేటాయించలేనివారు అద్దె స్టోరుకే వెళ్లడం మంచిది. ఫోటోల విషయమూ అంతే. ఫోనులో తీసిన నాలుగు ఎంబీల ఫోటోను అలాగే ఎక్కిస్తే, బస్సులో కూర్చొని చూసేవారికి పేజీ తెరుచుకోదు. మేము ప్రతి ఫోటోనూ 200 కేబీ లోపుకు కుదించి ఎక్కిస్తాము.

సొంత సైటు ఇచ్చే లాభం ఒకటుంది, అది నాకు ఆలస్యంగా అర్థమైంది. మనం మగ్గం వర్క్ అంటాము. అదే పనిని తమిళులు ఆరి వర్క్ అంటారు, ఇక్కడి కన్నడిగుల్లోనూ చాలామంది నోట ఆరి అన్న మాటే వింటాను. హిందీవారు జర్దోసీ అని వెతుకుతారు. గూగుల్ ప్రొఫైల్‌లో వర్గం ఇచ్చిన పట్టికలోంచి ఎంచుకోవలసిందే, దుకాణం పేరులో ఈ మాటలన్నీ ఇరికించడం నిషిద్ధం. సొంత సైటులో ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పేజీ రాసుకోవచ్చు. ఆరి వర్క్ మీద కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఒక పేజీ రాశాక, వైట్‌ఫీల్డ్ నుంచి కన్నడ కుటుంబాలు రావడం మొదలైంది. అంతకు ముందు వచ్చేవారిలో పదింట తొమ్మండుగురు తెలుగువారే. కాకపోతే పేజీ రాసిన మర్నాడే ఎవరూ రారు. మాకు అయిదు నెలలు పట్టింది.

ఆ అయిదు నెలలూ ఏం చేయాలన్నదే ప్రచారం ప్రశ్న. గూగుల్ ప్రకటనలు వెంటనే మనుషులను తెస్తాయి, డబ్బు ఆపిన నిమిషాన వారూ ఆగిపోతారు. ప్రకటన మీద ఎవరైనా నొక్కినప్పుడే డబ్బు పోతుంది కనుక, నొక్కకూడనివారు నొక్కకుండా చూసుకోవడమే అందులోని విద్య. మొదటి నెలలో మా డబ్బు రెండు చిల్లుల గుండా కారిపోయింది. బెంగళూరు అని ప్రాంతం ఎంచుకున్నా, ఆ ఊరి మీద ఆసక్తి చూపినవారికి కూడా ప్రకటన చూపించే ఏర్పాటు ముందుగానే ఎంపికై ఉంటుంది. దాన్ని ఆ ప్రాంతంలో ఉన్నవారికే అని మార్చుకోవాలి. రెండోది, మగ్గం వర్క్ అని వెతికేవారిలో నేర్చుకోవాలనుకునేవారు చాలామంది ఉంటారు. క్లాసులు, కోర్సు, ఉద్యోగం, మగ్గం స్టాండు అన్న మాటలను మినహాయింపు జాబితాలో చేర్చాక గానీ, “నెలకు ఫీజు ఎంతండీ?” అన్న ఫోన్లు తగ్గలేదు. ఇన్‌స్టాగ్రామ్ రీళ్లు ఈ పనికి బాగా నప్పుతాయి, సూది నడుస్తుంటే ఎవరైనా ఆగి చూస్తారు. కాని చూసినవారిలో అధికులు విజయవాడలోనో నెల్లూరులోనో ఉంటారు, ఆది జాకెట్టు తెచ్చి ఇచ్చేవారు కారు.

కనుక నా తీర్పు ఇది. కొద్ది కిలోమీటర్ల లోపలి ఖాతాదారులే ఆధారమైన దర్జీ, కర్రీ పాయింట్, బ్యూటీ పార్లర్ వంటివారు ప్రొఫైల్‌తో మొదలుపెట్టి, డొమైన్ పేరు ఒక్కటి ఇవాళే కొని పెట్టుకోవాలి. ఆ పేరును ప్రస్తుతానికి ప్రొఫైల్‌కు మళ్లించినా చాలు. రేపు ఏ సేవ మూతపడినా కార్డు మీది చిరునామా మారదు. ధర కట్టిన సరుకును దూరాలకు పంపేవారు అద్దె స్టోరుకు వెళ్లవచ్చు, కానీ పేరు మాత్రం సొంతదై ఉండాలి. మాట్లాడి తేల్చుకోవలసిన పని చేసేవారికి, నెలకు గంట తీరిక ఉంటే, వర్డ్‌ప్రెస్ మీద సొంత సైటే మేలు. ప్రకటనలు ముహూర్తాల ముందు రెండు వారాలు చాలు. ఆషాఢంలో వాటిని పూర్తిగా ఆపి, పేజీలు రాసుకోవడం మా పద్ధతి.

కొత్త డొమైన్ ఈసారి వదిన పేరు మీద, వదిన ఈమెయిలుతో, అయిదేళ్లకు కొన్నాము. రెన్యూవల్ తేదీ కొలతల పుస్తకం మొదటి పేజీలో, సైజుల పట్టికకు పైన, ఎర్ర సిరాతో రాసి ఉంది.