పది రెట్లా, పదిహేను రెట్లా? దూరపు వేటకి ఏ బైనాక్యులర్ మేలు?

దూరపు వేటకి బైనాక్యులర్ కొనబోయేవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" కిలోమీటరు అవతల కొండవాలు మీద దుప్పిని పోల్చుకోవాలంటే పది రెట్లకన్నా పదిహేను రెట్లే మేలని ఎవరికైనా తోస్తుంది. చిక్కంతా అలా తోచడంలోనే ఉంది. నేనైతే ఎదురు ప్రశ్న వేస్తాను: ట్రైపాడ్ మోస్తారా, మోయరా? ఆ జవాబు వస్తే సగం బేరం తేలిపోయినట్టే.

ఎందుకో చెబుతాను. చూపు బాగున్న కన్ను కిలోమీటరు దూరాన సుమారు 30 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు చుక్కల్ని విడివిడిగా చూడగలదు. పది రెట్ల బైనాక్యులర్‌తో ఆ ఎడం 3 సెంటీమీటర్లకి, పదిహేను రెట్లతో 2 సెంటీమీటర్లకి దిగుతుంది. కొమ్ముకి ఎన్ని కొసలున్నాయో తెలిసేంత తేడా అది. కానీ ఈ లెక్క కాగితం మీదే. కొండెక్కి వగర్చుతూ బైనాక్యులర్ కళ్లకి పెట్టుకుంటే గుండె కొట్టుకోవడం, ఊపిరి, చేతి వణుకు, గాలి అన్నీ అదే పదిహేను రెట్లు పెద్దవై కనిపిస్తాయి. ట్రైపాడ్ మీద కదలకుండా నిలిచిన పది రెట్లు, చేతిలో ఊగే పదిహేను రెట్లకన్నా ఎక్కువ చూపిస్తుంది. నమ్మకం లేకపోతే దూరంగా ఉన్న ఏదైనా బోర్డు మీద అక్షరాలు రెండు రకాలుగానూ చదివి చూడండి.

చేత్తో పట్టుకుని నడిచేవాళ్లకి: 10×42

నడుస్తూ, ఆగుతూ, మళ్లీ నడుస్తూ వేటాడేవాళ్లకి 10×42ని (అంటే పది రెట్లు, ముందు లెన్సు 42 మిల్లీమీటర్లు) మించింది లేదు. పైస్థాయిలో మూడు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. స్వరోవ్‌స్కీ ఎన్ఎల్ ప్యూర్, జైస్ విక్టరీ ఎస్ఎఫ్, లైకా నాక్టివిడ్. మూడింట్లోనూ అద్దం నాణ్యత గురించి గొడవ పడటం దండగ. తేడా వేరేచోట ఉంది. కిలోమీటరు దూరాన ఎన్ని మీటర్ల వెడల్పు ఒక్కసారిగా కనిపిస్తుందో చూడండి. ఎన్ఎల్ ప్యూర్‌లో 133, ఎస్ఎఫ్‌లో 120, నాక్టివిడ్‌లో 112. కొండవాలుని ముక్క ముక్కగా గాలించేవాడికి ఈ వెడల్పు చాలా ముఖ్యం. ఎక్కువ నేల ఒకేసారి కళ్ల ముందుంటే పొదల మధ్య చెవి కదిలినా, తోక ఆడినా పట్టుబడుతుంది. కదలికని ముందు పట్టేది చూపు అంచులే.

బరువులో ఎస్ఎఫ్ సుమారు 790 గ్రాములు, ఎన్ఎల్ 850 దగ్గర, నాక్టివిడ్ 860. ఆ 70 గ్రాముల కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. బరువు ఎక్కడ ఉందన్నదే అసలు సంగతి. ఎస్ఎఫ్‌లో బరువు కళ్ల వైపు జరిపి పెట్టారు, అందుకే చేతిలో తేలిగ్గా అనిపిస్తుంది. ఎన్ఎల్‌కి నుదుటికి ఆనించుకునే ఒక చిన్న పట్టీ విడిగా దొరుకుతుంది. చూడటానికి కాస్త వింతగా ఉంటుంది కానీ, రెండు చేతులకి తోడు తల కూడా ఆసరా అయితే వణుకు నిజంగానే తగ్గుతుంది. నాక్టివిడ్ వెడల్పులో వెనకబడినా రంగులు, నీడల లోతు విషయంలో దాన్ని వదలనివాళ్లు చాలామంది ఉన్నారు. ఇది రుచి లాంటిది, వాదించి లాభం లేదు.

మధ్యేమార్గం: 12 రెట్లు

12×50ని చాలామంది "రెండు పడవల మీద కాళ్లు" అని తీసిపారేస్తారు. నాకైతే అది అన్యాయంగా అనిపిస్తుంది. స్వరోవ్‌స్కీ ఈఎల్ 12×50 సుమారు కిలో బరువు, కిలోమీటరు దూరాన 100 మీటర్ల వెడల్పు. మోకాళ్ల మీద మోచేతులు ఆనించి కూర్చుంటే చేత్తోనే నడిచిపోతుంది, ట్రైపాడ్ ఎక్కిస్తే ఇంకా బాగుంటుంది. ఎన్ఎల్ ప్యూర్ 12×42 అయితే ఇంకో వింత చేస్తుంది. దాని వెడల్పు 113 మీటర్లు, అంటే పది రెట్ల నాక్టివిడ్ చూపించేంత నేలనే అది పన్నెండు రెట్లు పెద్దగా చూపిస్తుంది. అయితే దానికి మూల్యం చీకటి పడ్డాక చెల్లించాలి. ఆ లెక్క కాసేపట్లో వస్తుంది.

ఒకే ఒక్క బైనాక్యులర్ కొంటాను, తిరిగేది చెట్లు తక్కువున్న బోడి కొండల్లో, చిన్న ట్రైపాడ్ ఎలాగూ సంచిలో ఉంటుంది అనేవాళ్లకి నా ఓటు 12×50కే. అడవి దట్టంగా ఉంటే మాత్రం కాదు.

కూర్చుని గాలించేవాళ్లకి: 15×56

ఇది కూర్చోబెట్టి వాడే పరికరం. స్వరోవ్‌స్కీ ఎస్ఎల్‌సీ 15×56, జైస్ కాంక్వెస్ట్ హెచ్‌డీ 15×56 రెండూ 1.2 కిలోలు, ఆపైన ఉంటాయి. చూపు వెడల్పు 80 మీటర్ల చుట్టూ. ఎన్ఎల్ 10×42 ఒక చూపులో చూపించే నేల, దీనికి దాదాపు మూడు చూపులు పడుతుంది. అందుకే దీనితో గాలించే పద్ధతే వేరు. ట్రైపాడ్ మీద పెట్టి, వాలుని మనసులో గళ్లుగా విడగొట్టుకుని, ఒక్కో గడిలో నింపాదిగా కళ్లు తిప్పి, అప్పుడు ట్రైపాడ్ తలని పక్క గడికి జరపాలి. ఒక గడిని చూస్తున్నంతసేపూ బైనాక్యులర్ కదలకూడదు, కళ్లే కదలాలి. అలా చూసినప్పుడు, పొద మాటున పడుకున్న దుప్పి వెన్నుగీత పది రెట్లలో రాయిలా కనిపించింది కాస్తా ఇక్కడ జంతువుగా మారుతుంది.

ఒక కన్నుతో చూసే స్పాటింగ్ స్కోప్ ఉండగా ఇదెందుకు అని అడగొచ్చు. కొమ్ముల కొసలు లెక్కపెట్టడానికి, వయసు అంచనాకి స్కోప్ మేలే. కానీ ఒక కన్ను మూసుకుని మూడు గంటలు కూర్చోగలిగేవాళ్లు తక్కువ. రెండు కళ్లతో చూస్తే అలసట తక్కువ, మెదడు పట్టే వివరం ఎక్కువ. వెతకడానికి 15×56, తేల్చుకోవడానికి స్కోప్. ఈ జోడీ కుదిరినవాళ్లు మెడలో మాత్రం చిన్న 8×32నో 10×32నో వేసుకుంటారు.

మధ్యాహ్నపు ఎండలో దీని జోరు తగ్గుతుంది. నేల వేడెక్కి గాలి అలలు అలలుగా లేస్తుంటే పదిహేను రెట్లు ఆ అలల్నే పెద్దవి చేసి చూపిస్తుంది. ఆ వేళలో పది రెట్లతో చూసినా తేడా పెద్దగా ఉండదు.

ఇక ఒక మాట. రైఫిల్ మీదున్న స్కోప్‌తో కొండని గాలించేవాళ్లు ఇంకా ఉన్నారు. చూస్తున్నది జంతువో మనిషో తెలియకముందే తుపాకీ గురిపెట్టడం అది. బైనాక్యులర్ కొనడానికి మొదటి కారణం ఇదే కావాలి.

సంజె వెలుగులో ఏం జరుగుతుంది?

పెద్ద జంతువులు బయటికొచ్చేది తెల్లవారుతూ, చీకటి పడుతూ. అప్పుడు పనిచేయని అద్దం పగలెంత మెరిసినా ఏం లాభం? ముందు లెన్సు మిల్లీమీటర్లని రెట్లతో భాగిస్తే కంటిలోకి వచ్చే వెలుగు కట్ట ఎంత లావో తెలుస్తుంది. 10×42కి 4.2 మిల్లీమీటర్లు. 12×50కీ దాదాపు అంతే. 15×56కి 3.7. ఇందాక చెప్పిన 12×42కి 3.5. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, వయసు పైబడిన కొద్దీ 5 దగ్గరే ఆగిపోవచ్చు. 8×56 కొనే పెద్దాయన, తన కన్ను తీసుకోలేని వెలుగుని కూడా మోస్తుంటాడన్నమాట.

కంపెనీలు ట్విలైట్ ఫ్యాక్టర్ అని ఒక అంకె వేస్తాయి. రెట్లని మిల్లీమీటర్లతో గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది. 10×42కి 20.5, 12×50కి 24.5, 15×56కి 29. మసక వెలుగులో రెట్లు కూడా సాయం చేస్తాయన్నది నిజమే, అందుకే ఈ అంకె పూర్తిగా బూటకం కాదు. కానీ ఇదే సూత్రం ప్రకారం 20×21 అనే ఆటబొమ్మకి కూడా 20.5 వస్తుంది! దాని వెలుగు కట్ట ఒక్క మిల్లీమీటరు. పొద్దుగూకాక దాన్లో కనిపించేది చీకటే. కాబట్టి ఆ ఒక్క అంకె చూసి మోసపోవద్దు, రెండూ కలిపి చూడండి.

తలకిందులైన దృశ్యాన్ని లోపల నిలబెట్టే గాజు ముక్క, ప్రిజం, సంగతి కొద్దిగా. 10×42ల్లో ఎక్కువగా ఉండేది ష్మిట్-పెహాన్ రకం. పొట్టిగా ఉంటుంది, కానీ దాన్లో ఒక ముఖానికి అద్దంలా పూత వేస్తే తప్ప వెలుగు తిరగదు, అక్కడ కొంచెం పోతుంది. 56 మిల్లీమీటర్ల ఎస్ఎల్‌సీలో, వోర్టెక్స్ రేజర్ యూహెచ్‌డీలో ఉండే అబ్బె-కోనిగ్ రకానికి ఆ పూత అక్కర్లేదు. వెలుగు ఎక్కువ నిలుస్తుంది, గొట్టం మాత్రం పొడుగవుతుంది. ఈ రోజుల్లో మంచి పూతల వల్ల రెండింటి మధ్య తేడా రెండు మూడు శాతమే. అంత చిన్న తేడాని కన్ను పట్టలేదు. 90 శాతమా 93 శాతమా అని టెన్షన్ పడేవాళ్లు, ఎదురెండలో అద్దంలోపల పాలలాంటి మెరుపు కమ్ముకుంటోందా లేదా అన్నది చూసుకుంటే మేలు. సూర్యుడు దిగుతున్న వైపు, కాస్త పక్కగా ఉన్న నీడలోకి చూస్తే అది వెంటనే తెలిసిపోతుంది. సూర్యుడి మీదికి మాత్రం పొరపాటున కూడా తిప్పకండి, కళ్లు పోతాయి.

లేజర్ లోపలా, విడిగానా?

వేటగాళ్ల బైనాక్యులర్‌లో దూరం కొలిచే లేజర్‌ని లైకా 1992లో జియోవిడ్‌తో తెచ్చింది. ఇప్పుడు జియోవిడ్ ప్రో, స్వరోవ్‌స్కీ ఈఎల్ రేంజ్, జైస్ విక్టరీ ఆర్ఎఫ్ మూడూ దూరంతో పాటు వాలు కోణాన్ని కూడా లెక్కగట్టి చెబుతాయి. ఇది చిన్న విషయం కాదు. 30 డిగ్రీల వాలులో కిందికి 400 మీటర్లు చూపిస్తే, తూటాకి లెక్కలోకొచ్చే అడ్డదూరం 346 మీటర్లే. ఇక దూరం తప్పు చదివితే ఏమవుతుందంటే, 500 మీటర్ల దగ్గర 30 మీటర్ల పొరపాటుకి మామూలు .308 రైఫిల్ తూటా సుమారు జానెడు పైకో కిందికో పోతుంది. గుండె మీద పెట్టిన గురి తప్పి వేరేచోట తగలడానికి అంత చాలు. గాయంతో పారిపోయిన జంతువు చీకట్లో ఎక్కడో చస్తుంది.

కలిపి ఉన్నదాంట్లో లాభం వేగం. జంతువు కనిపించిన అద్దంలోనే మీట నొక్కితే దూరం వస్తుంది. విడి రేంజ్‌ఫైండర్ అయితే బైనాక్యులర్ దించి, దాన్ని తీసి, ఆ దుప్పినే మళ్లీ వెతుక్కోవాలి. ఒకే రంగు పొదలున్న వాలు మీద ఇది చెప్పినంత సులువు కాదు. నష్టాలూ ఉన్నాయి. దూరం చూపే ఎర్ర అంకెల్ని కంటివైపు తిప్పే పూత ఎరుపు వెలుగులో కొంత తినేస్తుంది, అందుకే కొన్నింట్లో దృశ్యం లేత నీలంగా అనిపిస్తుంది. బరువు పెరుగుతుంది. పైగా ఎలక్ట్రానిక్స్ పాతబడినంత త్వరగా అద్దం పాతబడదు. ఇరవై ఏళ్ల నాటి మంచి బైనాక్యులర్ ఈనాటికీ సొగసుగా చూపిస్తుంది, ఇరవై ఏళ్ల నాటి లేజర్‌ని ఎవరూ కోరరు.

పెట్టె మీద రాసిన పెద్ద దూరం మెరిసే వస్తువుల మీద కొలిచింది. బొచ్చున్న ఒంటి మీద అది సగానికి పడిపోవడం మామూలే. పైగా లేజర్ కట్ట సన్నని గీత కాదు, మిల్లీరేడియన్ (వెయ్యి మీటర్లకి ఒక మీటరు) వెడల్పున్న కట్ట 500 మీటర్ల దగ్గర అర మీటరు పరుచుకుంటుంది. చేయి కొంచెం వణికితే జంతువు వీపు మీదుగా దాటి వెనక వాలుకి తగిలి వంద మీటర్లు ఎక్కువ చూపిస్తుంది. మళ్లీ ట్రైపాడ్ దగ్గరికే వచ్చామన్నమాట.

నా మొగ్గు ఇలా. 10×42 ఒక్కటే మోసేవాళ్లు లేజర్ కలిపినదే తీసుకోవాలి. 15×56తో కూర్చునేవాళ్లకి తొందరేం లేదు, విడిగా ఉన్న లేజర్ చాలు.

వణుకుని బ్యాటరీతో ఆపే కానన్ 10×42ఎల్ లాంటివి కూడా ఉన్నాయి. మీట నొక్కగానే దృశ్యం అతుక్కున్నట్టు నిలిచిపోతుంది, మొదటిసారి చూస్తే గారడీలా ఉంటుంది. కిలోకి పైనే బరువు, పట్టుకోవడానికి మొద్దు, గడ్డకట్టే చలిలో బ్యాటరీల బెంగ. పడవలోంచి చూసేవాళ్లకి వరం, కొండ వేటకి నేను ఇవ్వను.

పైస్థాయి అద్దమే కావాలా అన్నది ఆఖరి చిక్కు. కాంక్వెస్ట్ హెచ్‌డీ, రేజర్ యూహెచ్‌డీ లాంటి ఒక మెట్టు కిందివాటికీ, ఎన్ఎల్, ఎస్ఎఫ్‌లకీ తేడా పట్టపగలు పది నిమిషాలు చూస్తే దొరకదు. అది చీకటి పడే చివరి పావుగంటలో, ఎదురెండలో, నాలుగో గంట దాటాక తలనొప్పి రాకపోవడంలో తెలుస్తుంది. చేతిలో ఉన్న డబ్బు పైస్థాయి అద్దానికి మాత్రమే సరిపోయి ట్రైపాడ్‌కి మిగలదంటే, ఒక మెట్టు దిగండి. అద్దం ఎంపికయ్యాక బైనాక్యులర్ ముందువైపు కీలు దగ్గర ట్రైపాడ్ బిగించే మర ఉందో లేదో చూడండి. కొన్నింటికి ఉండదు, వేరే పట్టీ కొనాలి. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు అవి తీయకుండానే అంచు నుంచి అంచుదాకా కనిపిస్తోందో లేదో చూసుకోవాలి, 16 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ కంటి ఎడం (దృశ్యం మొత్తం కనిపించేలా కన్ను అద్దానికి ఎంత దూరంలో ఉండొచ్చో ఆ దూరం) ఉంటే సాధారణంగా సరిపోతుంది. వీలైతే దుకాణం దీపాల కింద కాకుండా, బయట పొద్దు వాలాక చూసి ఎంచుకోండి.